డెక్కు మీది మనుషులు

ఆ ఫ్రేముల షాపు వెనక గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక అందులో ఎవరో పెన్సిల్‌తో గీస్తున్న చప్పుడు వస్తుందని చుట్టుపక్కల వాళ్లు అంటారు. ఫ్రేములు కట్టే మేస్త్రి మాత్రం కొట్టిపారేసేవాడు... ఎలుకలట. ఆయన నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా, నమ్మితే నమ్మండి.

ఒక ముసలావిడ పెన్సిల్ బొమ్మ ఒకటి ఫ్రేము కట్టమని తెచ్చింది. యుద్ధంలో మునిగిపోయిన క్రూయిజర్ రకం యుద్ధనౌక అది. మూడు నెలల కిందట పోయిన వాళ్లాయన పదకొండేళ్లు కూర్చుని గీశాడట — ఫిరంగులు, గొలుసులు, ఇనపరేకులకి కొట్టిన మేకులతో సహా. ఒకప్పుడు అందులోనే పనిచేసినవాడు. ఓడ ఆఖరిసారి బయల్దేరిన రోజు జ్వరంతో ఒడ్డున ఉండిపోయాడు. అలా బతికాడు గానీ, ఆ బతకడమే మనిషిని జీవితాంతం తినేసిందట.

మేస్త్రికి శుభ్రం పిచ్చి. కాగితం మీది మురికిని మెత్తటి రబ్బరుతో తుడిచాడు. ఓడ డెక్కు మీద నువ్వుగింజలో సగం ఉన్న చుక్కలు కనిపిస్తే ఈగల మరకలనుకున్నాడు... అవీ తుడిచేశాడు.

సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. పొద్దున్నే వస్తానంది.

"డెక్కు మీద మనుషులున్నారు బాబూ, జాగ్రత్త. నలభై ఒక్కమంది. వెనక ఫిరంగి దగ్గరున్నవాడు మా తమ్ముడు. వాడి ఫొటో ఒక్కటి కూడా లేదు నా దగ్గర."

తను తుడిచేసింది ఈగల మరకల్ని కాదని మేస్త్రికి అప్పుడు తెలిసింది. అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. ఏమైందని భార్య అడిగితే కసురుకున్నాడు. ఇటు దొర్లి అటు దొర్లి, చివరికి పదకొండింటికి లేచి షాపుకెళ్లాడు.

వెనక గది. దీపాన్ని బల్ల అంచుకు దించి, వెలుగు ఏటవాలుగా పడేలా పెట్టాడు. చెరిపినా పెన్సిల్ నొక్కు కాగితంలో ఉండిపోతుంది... పక్క వెలుగులో ఆ గుంటలు సన్నటి నీడలు కడతాయి. భూతద్దం పట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కో గుంటలో ఒక్కో మనిషిని నిలబెట్టుకుంటూ పోయాడు. వెనక ఫిరంగి దగ్గర తమ్ముడు దొరికినప్పుడు ఏడుపొచ్చిందట.

నలభై ఒకటి. పెన్సిల్ కింద పెట్టాడు.

గీస్తున్న చప్పుడు ఆగలేదు.

ఊపిరి బిగబట్టి విన్నాడు... సర్ర్... సర్ర్... తర్వాత ఏమీ లేదు. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై రెండు. ఓడెక్కే మెట్ల పైన ఒకడు — పెన్సిల్ నలుపు ఇంకా తాజాగా మెరుస్తోంది. రబ్బరు అందుకున్నాడు గానీ చేతులు రాలేదు. ఒకసారి చెరిపి పడ్డ పాట్లు చాలనుకుని, షాపుకి తాళమైనా వెయ్యకుండా ఇంటికి పరిగెత్తాడు.

పొద్దున ఆవిడ వచ్చి, భూతద్దంతో ముందు తమ్ముణ్ని చూసుకుంది. తర్వాత చూపు మెట్ల దగ్గర ఆగిపోయింది.

మేస్త్రి చేతులు జోడించి జరిగిందంతా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు.

"తనని కూడా గీసుకోమని ఆయన్ని ఎన్నిసార్లు బతిమాలానో," అందావిడ మెల్లగా. "ఆ రోజు నేను ఓడలో లేనుగా... అనేవారు."

కాగితానికి ఇంకా దగ్గరగా వంగింది.

"ఎక్కేశారన్నమాట."