ఆ చీటీలో 1999 అని ఎందుకుంది?

మీరే చంపారు ఎర్రసిరాని.

అవును, మిమ్మల్నే. రెండు వేలలోనే కొత్త సహస్రాబ్ది పుడుతుందని బ్యానర్లు కట్టినవాళ్లూ, కాదు రెండు వేల ఒకటిలోనే అని పత్రికలకు ఉత్తరాలు రాసినవాళ్లూ, మధ్యలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లూ. మీ గోలలో ఒక మనిషి రాసిన చీటీని ఒక్కడంటే ఒక్కడు సరిగ్గా చదవలేదు. నాలుగంకెలు కొట్టేసి పక్కన నాలుగంకెలు రాశాడు. మొత్తం ఎనిమిది. అవి చదవడానికి కూడా మీకు తీరిక లేకపోయింది.

జరిగింది చెబుతాను. వినండి.

1999 డిసెంబర్ 30, గురువారం. ఉదయం 11 గంటల 10 నిమిషాలు.

క్యాలెండర్లు అచ్చేసే ప్రెస్సు. మూడంతస్తులు. సరుకు దించడానికి పక్కపక్కనే రెండు లిఫ్టులు. అందులో ఎడమ చేతి లిఫ్టు రెండో అంతస్తు నుంచి ధబేల్మని కింద పడింది. లోపల నలభై కట్టల క్యాలెండర్లు. ప్రతి క్యాలెండర్ మీదా బంగారు రంగులో ఒకటే మాట: "కొత్త సహస్రాబ్దికి స్వాగతం."

ఆ కట్టల కింద ప్రూఫ్‌రీడర్. యాభై ఆరేళ్ల మనిషి. ప్రాణం అక్కడికక్కడే పోయింది.

ప్రెస్సులో అందరూ ఆయన్ని ఎర్రసిరా అనేవాళ్లు. ఏ అచ్చు కనబడినా దిద్దే రకం. ఆ బంగారు అక్షరాల మీద ఆరు నెలలుగా మేనేజర్‌తో ఆయనకి పోట్లాట. "సున్నా సంవత్సరమంటూ లేదు. లెక్క ఒకటితో మొదలైంది. రెండు వేల ఏళ్లు నిండేది 2000 ఆఖరున. కొత్తది 2001లోనే" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. అందరూ నవ్వారు.

శవం కుడి పిడికిట్లో నీలం చొక్కా గుండీ దొరికింది. చొక్కా లిఫ్ట్ ఆపరేటర్‌ది.

పన్నెండయ్యేసరికి ఆపరేటర్ లాకప్‌లో ఉన్నాడు.

* * *

మర్నాడు, శుక్రవారం. 9 గంటల 20 నిమిషాలు.

ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచింది. స్టేషన్‌లో ఆమెను మొండి మేడమ్ అంటారు. ఎదురుగా అనరు.

"తేలిపోయిన కేసు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "రెండో అంతస్తులో ఇద్దరూ కలబడ్డారు. వీడు ఆయన్ని లిఫ్ట్‌లోకి తోసి బ్రేకు వదిలేశాడు. ఆ విసురుకి తాడు తెగింది. గుండీ ఉంది. సాక్షులున్నారు. నాలుగింటికి కోర్టులో పెడితే మన పని అయిపోతుంది."

"పైన మెషిన్ రూమ్ చూశారా?"

"మూడో అంతస్తు మేడమ్."

"అయితే?"

"శవం కింద ఉంది కదా."

ఆమె పళ్లు కొరికింది.

ఫోన్ మోగింది. పై ఆఫీసర్. "సాయంత్రం ఊరంతా జనం రోడ్డు మీద ఉంటారు. నాకు మనుషులు కావాలి. ఆ లిఫ్ట్ కేసు మధ్యాహ్నానికి మూసెయ్."

"సార్, ఇంకా..."

ఫోన్ పెట్టేశాడు.

స్టేషన్ మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్లో మడతపెట్టిన చొక్కా. ఆపరేటర్ భార్య.

"ఆయన చొక్కా మీరే తీసేసుకున్నారంట. రాత్రంతా బనీనుతోనే ఉన్నాడంట. ఇదైనా ఇవ్వనిస్తారా అమ్మా?"

"ఇవ్వు."

"నాలుగింటికి కోర్టంటున్నారు. ఆ తర్వాత సెలవులు. ఒకసారి లోపలికెళ్తే మా మనిషి మళ్లీ ఎప్పుడొస్తాడు?"

ఇన్‌స్పెక్టర్ లాకప్ వైపు నడిచింది.

* * *

"ఎందుకు తోశావు?"

"తొయ్యలేదు మేడమ్. ఆయనే లిఫ్ట్‌లోకి వచ్చి నా కాలర్ పట్టుకుని బయటికి ఈడ్చాడు. నేను విదిలించుకున్నాను. గుండీ తెగింది. నేను గడప బయట వెల్లకిలా పడ్డాను. అంతలోనే లిఫ్ట్ పోయింది. ఆయనతో సహా."

"ఎందుకు ఈడ్చాడు?"

"ఇంకెందుకు? ఆ క్యాలెండర్ గోలే. కట్టలు కిందికి పోనివ్వకూడదని."

"ఏమన్నాడు? ఆయన అన్న మాట అన్నట్టే చెప్పు."

ఆపరేటర్ గుర్తు చేసుకున్నాడు. "‘రెండు వేలు తప్పు. ఇప్పటికే ఏడాది దాటిపోయింది. దిగు, దిగు’ అన్నాడు. ‘రెండు వేలే ఇంకా రాలేదు, ఏడాది దాటడమేంటయ్యా, మతి గానీ పోయిందా’ అన్నాను. ఇంకో మాట కూడా అన్నాన్లెండి. మీ ముందు అనకూడదు."

"ఏడాది దాటిపోయిందన్నాడా? ఇంకా ఏడాది ఉందనలేదా?"

"దాటిపోయిందనే అన్నాడు. అందుకే మతి పోయిందనుకున్నాను."

ఆమె నోట్‌బుక్‌లో ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

* * *

11 గంటలకు ప్రెస్సు. ఎడమ లిఫ్ట్ ముందు తాడు కట్టి ఉంది. కుడి లిఫ్ట్ దర్జాగా తిరుగుతోంది. కట్టలతో పాటు మనుషులు కూడా ఎక్కి దిగుతున్నారు. ముందురోజే ఒక మనిషి చచ్చాడు. వ్యాన్లు మాత్రం ఆగలేదు.

ఇన్‌స్పెక్టర్ మెట్లెక్కింది. హెడ్ కానిస్టేబుల్ రొప్పుతూ వెనకాలే వచ్చాడు.

మెషిన్ రూమ్‌లో తెగిన ఇనుప తాడు కొస కప్పీ నుంచి వేలాడుతోంది. ఆమె టార్చి వేసింది.

"చూడండి. ఈ తీగలు నిన్న తెగాయి. కొస తళతళలాడుతోంది. ఎన్ని?"

ఆయన లెక్కపెట్టాడు. "పదీ పన్నెండు."

"మిగతావి?"

"తుప్పు పట్టాయి."

"కొసలకి కూడా తుప్పుంది. అంటే అవి ఎప్పుడో తెగాయి. ఈ తాడు నెలల తరబడి పోగు పోగుగా తెగుతూనే ఉంది."

తలుపు పక్కన గోడకి రెండు వరసల్లో రాతలున్నాయి. పైన లిఫ్ట్ కంపెనీ బిగించిన ఇత్తడి ప్లేటు: "తాడు బిగించిన తర్వాత పదో ఏడు మొదలవగానే మార్చాలి." దాని కింద ప్రెస్సువాళ్ల అట్ట. మేనేజర్ చేతిరాత: "రెండు లిఫ్టులకూ తాళ్లు బిగించింది: జనవరి 1990. మార్చాల్సింది: జనవరి 2000."

ఇన్‌స్పెక్టర్ ఆ రెండు తేదీలూ నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత హెడ్ కానిస్టేబుల్ వైపు తిరిగింది.

"శవం జేబులో ఏదో కాగితం ఉందని రాశారు."

"క్యాలెండర్ గురించి మేడమ్. పిచ్చి కాగితం."

"ఎక్కడ?"

ఫైల్లోంచి తీశాడు. ప్రెస్సులో వాడే దిద్దుబాటు చీటీ. ‘పేజీ’ అన్నచోట ఏమీ లేదు. కింద ఎర్ర సిరాతో 2000 కొట్టేసి, పక్కన 1999. దాని కింద "వెంటనే". ఒక మూల పెన్సిల్‌తో పొట్టి సంతకం, 29వ తేదీ, 4 గంటల 15 నిమిషాలు.

"దీన్ని చదివారా?"

"చదివాను మేడమ్. రెండు వేలు తప్పంటున్నాడు. ఆయన రోజూ అనేదే కదా."

"మీరు చదవలేదు," అంది ఆమె. గొంతులో విసుగు దాచుకోలేదు. "ఎవరూ చదవలేదు."

* * *

రెండో అంతస్తులో బైండింగ్. పదిమంది ఆడవాళ్లు క్యాలెండర్ల పైఅంచుకి రేకు పట్టీ కొడుతున్నారు. వాళ్లలో పెద్దావిణ్ణి అందరూ అక్కా అంటారు.

"ఈ చీటీల పద్ధతేంటి అక్కా?"

"తప్పు కనబడితే ప్రూఫాయన చీటీ రాస్తాడు. ఎవరు సరిచెయ్యాలో వాళ్లకిస్తాడు. వాళ్లు పొట్టి సంతకం పెట్టి, టైం వేసి తిరిగిచ్చెయ్యాలి. తర్వాత నాకు తెలీదు, నాకివ్వలేదు అనకుండా."

"ఈ సంతకం?"

"మేనేజర్‌ది."

"పేజీ నంబర్ వెయ్యకుండా ఎప్పుడైనా ఇచ్చేవాడా?"

"ఆయనా? భలేవారే. పేజీ నంబర్ లేదని నా పెళ్లి శుభలేఖే వెనక్కిచ్చేశాడు."

పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వారు. అక్క కళ్లు తుడుచుకుంది.

"మొన్న మధ్యాహ్నం ఎక్కడున్నాడు?"

"మూడో అంతస్తులో. మేనేజర్ అరుపులు పడలేక ఆ రోజే మెషిన్ రూమ్ పక్కన కుర్చీ వేసుకున్నాడు. గోడ మీద ఏముంటే అది చదివే మనిషి. మందు సీసా లేబుల్ కూడా వదిలేవాడు కాదు."

"నిన్న పొద్దున ఇంకేమైనా కొత్తగా కనబడిందా?"

అక్క ఆలోచించింది. "మేనేజర్ మెట్లెక్కొచ్చాడు. అది కొత్తే. మోకాళ్ల నొప్పని రోజూ ఆ సరుకు లిఫ్ట్‌లోనే వస్తాడు. నిన్న ఒక్కో మెట్టుకీ అబ్బా అంటూ ఎక్కాడు. ఏంటి సార్ అంటే, డాక్టర్ నడవమన్నాడన్నాడు."

ఇన్‌స్పెక్టర్ కిందికి దిగి లిఫ్టుల మెయిన్ స్విచ్ ఎక్కడుందో కనుక్కుంది. హెడ్ కానిస్టేబుల్ చెవిలో రెండు ముక్కలు చెప్పింది.

* * *

మధ్యాహ్నం 2 గంటల 30 నిమిషాలు. రెండో అంతస్తు, కుడి లిఫ్ట్ ముందు.

ఆపరేటర్‌ని తీసుకొచ్చారు. భార్య తెచ్చిన చొక్కా వేసుకున్నాడు. ఆమె రెండడుగుల దూరంలో నిలబడింది. బైండింగ్ ఆడవాళ్లు పని ఆపారు. మేనేజర్ వాచీ చూసుకుంటున్నాడు.

"మేడమ్, నాలుగు వ్యాన్లు కింద ఆగి ఉన్నాయి."

"ఉండనివ్వండి. ఈ సంతకం మీదేనా?"

"నాదే. రోజుకి ఇరవై చీటీలు పంపేవాడు. క్యాలెండర్ గోలే అనుకుని చూడకుండా గీకేశాను."

"ఆయన ప్రకారం కొత్త సహస్రాబ్ది ఎప్పుడు?"

"2001. ఆరు నెలలు నా బుర్ర తిన్నాడు."

"మరి క్యాలెండర్ గోలే అయితే 2000 కొట్టేసి ఏం రాయాలి?"

మేనేజర్ మళ్లీ వాచీ చూసుకున్నాడు.

"2001 అని రాయాలి," అంది అక్క వెనకనుంచి.

"కానీ 1999 అని రాశాడు. ఒక ఏడాది ముందుకి కాదు, వెనక్కి వెళ్లాడు. దిగు దిగు అంటూ ఆపరేటర్‌తో కూడా ఏడాది దాటిపోయిందనే అన్నాడు. కొత్తది ఇంకా ఏడాది దూరంలో ఉందని వాదించే మనిషి, దాటిపోయిందని ఎందుకంటాడు? ఆయన మాట్లాడింది క్యాలెండర్ గురించి కాదు. తాడు గురించి."

ఇన్‌స్పెక్టర్ పై అంతస్తు వైపు వేలు చూపించింది.

"పైన ప్లేటు మీద పదో ఏడు మొదలవగానే మార్చమని ఉంది. తాడు బిగించింది జనవరి 1990. ఆ ఏడే మొదటి ఏడు. పదో ఏడు ఎప్పుడు మొదలైంది?"

అక్క వేళ్లు మడిచింది. "తొంభై ఒకటి, రెండు... తొంభై తొమ్మిది."

"1999 జనవరిలో. అంటే గడువు దాటి దాదాపు ఏడాదైంది. మేనేజర్‌గారు 1990కి పది కలిపి 2000 అని రాసేశారు. మొదటి ఏడుని లెక్కలో వదిలేశారు. ఈ బంగారు అక్షరాల దగ్గర చేసిన తప్పే తాడు దగ్గరా చేశారు. అక్కడ కాగితం పాడైంది. ఇక్కడ మనిషి పోయాడు."

"పొరపాటు మేడమ్," మేనేజర్ చెమట తుడుచుకున్నాడు. "తెలియక జరిగిన పొరపాటు. నేను చీటీ చదవలేదు. ఒట్టు."

"సరే. ఇక్కడ ఉక్కగా ఉంది. మిగతాది మీ గదిలో మాట్లాడుకుందాం. మీకసలే మోకాళ్ల నొప్పి." ఆమె కుడి లిఫ్ట్ గేటు తీసింది. "ఎక్కండి."

మేనేజర్ కదల్లేదు.

"ఎక్కండి సార్. ఇందాకటి దాకా ఈ ఆడవాళ్లు ఎక్కి దిగారు కదా."

"నేను... మెట్ల మీద వస్తాను."

"ఎందుకు?"

"డాక్టర్ నడవమన్నాడు."

"ఏ డాక్టర్? పేరు చెప్పండి. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

మేనేజర్ మెట్ల వైపు ఒక అడుగు వేశాడు.

"మీరు చీటీ చదివారు. అది దేని గురించో మీకొక్కరికే అర్థమైంది. అందుకే నిన్న పొద్దున నుంచి మీరు లిఫ్ట్ ఎక్కలేదు. మీ మోకాళ్లు అరిగినా పర్లేదనుకున్నారు. వీళ్లని మాత్రం ఎక్కించారు."

"రెండు రోజులే కదా అనుకున్నాను!" అని అరిచాడు మేనేజర్. "జనవరి మూడున మెకానిక్ వస్తాడు. ముప్పై ఒకటిలోగా సరుకు వెళ్లాలి. ఒకటో తేదీ దాటితే ఈ క్యాలెండర్ ఎవడు కొంటాడు? పదేళ్లు మోసిన తాడు రెండు రోజులు మొయ్యదా?"

అక్క చేతిలోని సుత్తి నేలమీద పడింది. ఆమె పొద్దుట్నుంచి ఆ లిఫ్ట్ ఆరుసార్లు ఎక్కింది.

"భయపడకండి. లంచ్ టైంలోనే మెయిన్ స్విచ్ తీయించాను. ఇది ఇక కదలదు," అంది ఇన్‌స్పెక్టర్. హెడ్ కానిస్టేబుల్‌కి సైగ చేసింది. ఆయన ఆపరేటర్ చెయ్యి వదిలి మేనేజర్ చెయ్యి పట్టుకున్నాడు.

ఆపరేటర్ మాత్రం నిలబడ్డచోటే ఉన్నాడు. భార్య వచ్చి భుజం పట్టుకుంది. అతను ఎడమ లిఫ్ట్ ఖాళీ గడప వంక చూస్తున్నాడు.

"మేడమ్. అయితే ఆయన నన్ను కొట్టడానికి రాలేదా?"

"లేదు. నిన్ను బయటికి లాగడానికి వచ్చాడు. లాగాడు. తాను దిగే టైం దొరకలేదు."

"నేను తిట్టాను మేడమ్. ఆయన విన్న ఆఖరి మాట నా తిట్టే."

టైం 3 గంటల 5 నిమిషాలు. కోర్టుకి వెళ్లే కాగితం మీద పేరు మారింది. మొండి మేడమ్ పై ఆఫీసర్‌కి ఫోన్ చేసింది. కేసు మూసేశారా అని అడిగాడు. తెరిచాను అంది. ఆయన విసుక్కున్నాడు. ఊళ్లో జనం పోగవుతున్నారట, సహస్రాబ్ది వస్తోందట.

ఆ సరుకు వ్యాన్లు కదల్లేదు. కానీ మీ ఊళ్లో కదులుతూనే ఉంటాయి. నాకు తెలుసు.

కాబట్టి వినండి, ఫ్యాక్టరీలవాళ్లూ, ప్రెస్సులవాళ్లూ, మిల్లులవాళ్లూ. పదో ఏడు, పదేళ్లు అని గోడలమీద రాయడం మానండి. తేదీ వెయ్యండి. రోజు, నెల, సంవత్సరం. బడికెళ్లని కూలీ కూడా వేలు పెట్టి చూపించేలా పెద్దక్షరాలతో. చీటీ ఇస్తే చదవండి. చదివితే ఆపండి. తాడు మార్చేదాకా ఆ లిఫ్ట్‌లోకి ముందు యజమాని ఎక్కాలి, తర్వాతే కూలీ ఎక్కాలి.

కొత్త సహస్రాబ్ది ఎప్పుడొస్తుందో తర్వాత తేల్చుకుందురుగాని. ముందు లేవండి. పైకెక్కి ఆ తాడు చూడండి. ఇవాళే.