ఇష్టాన్ని మళ్లించే కుర్చీ

పడవ మునుగుతోంది. చంటిపిల్లను వీపుకి కట్టుకున్న నూకాలమ్మ ఒక చేత్తో తెడ్డు వేస్తూ, రెండో చేత్తో పడవలోకి వచ్చిన నీళ్లు తోడి పోస్తోంది. పేజీ తిప్పబోయి ఝాన్సీ ఆగిపోయింది. ఆ వాక్యమే మళ్లీ చదువుకుంది.

"ఆగొద్దమ్మా, తిప్పండి. ముల్లు ఇప్పుడే ఎక్కుతోంది," అన్నాడు డాక్టర్ కులశేఖర్. ఆయన చూపు ఆమె మీద లేదు, గోడకున్న మీటర్ మీద ఉంది.

ఝాన్సీ తలకి వెడల్పాటి పట్టీ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వాటిలోంచి దోమ రొదలాంటి గొణుగుడు వస్తోంది. అది మెమరీ మేనేజ్‌మెంట్, మూడో అధ్యాయం. ఆమె చదువుతున్నది నవల, నేర్చుకుంటున్నది ప్రోగ్రామింగ్.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో ప్రోగ్రామింగ్ నాలుగో స్థాయి సర్టిఫికెట్ లేనివాళ్లకి ఉద్యోగం సంగతి అలా ఉంచి, అద్దెకి గది కూడా దొరికేది కాదు. ప్రోగ్రాములన్నీ యంత్రాలే రాసుకుంటున్నాయి. పరీక్ష మాత్రం మనుషులే రాయాలి. ఎందుకని అడిగినవాళ్లని మళ్లీ పరీక్షకి కూర్చోబెట్టేవారు.

ఝాన్సీ రెండుసార్లు తప్పింది. తెలివి తక్కువై కాదు. మాన్యువల్ తెరిస్తే దాని మధ్యలో ఎప్పుడూ ఒక నవల ఉండేది. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల వీధిలో "పుస్తకం అందరిదీ" అని అట్ట మీద రాసి, ఫుట్‌పాత్ మీద పుస్తకాల అర పెట్టింది ఆ పిల్లే. విద్యార్థి సంఘంలో ఏ విషయం మీదైనా అరగంట మాట్లాడగలదు. మాటల్లో సగం గోడల మీదివి, సగం కరపత్రాల్లోవి. ఏది ఎవరి దగ్గర తీసుకుందో ఆమెకే గుర్తుండేది కాదు. మొదలుపెట్టిన ఉపన్యాసం మధ్యలో ఆపకూడదని, ఆపితే ఎదుటివాడు గెలిచినట్టేనని సంఘంలో నేర్పారు. భూకంపం వచ్చినా చివరి మూడు నినాదాలూ అయ్యాకే ఆమె దిగేది.

ఈసారి తప్పితే మూడో అవకాశం అయిపోతుంది, నాలుగోది లేదు. అందుకే ఆమె డాక్టర్ కులశేఖర్ సెంటర్లో, 'రసధార' అనే యంత్రం కుర్చీ ఎక్కింది.

యంత్రం ఎలా పనిచేస్తుందో డాక్టర్ మొదటి రోజే విడమరిచి చెప్పాడు. మనకి ఇష్టమైనది చదువుతున్నప్పుడు మెదడులో ఒక సిగ్నల్ లేస్తుంది. 'ఇది దాచుకో' అని అది జ్ఞాపకానికి చెబుతుంది. మాన్యువల్ చదివేటప్పుడు ఆ సిగ్నల్ లేవదు, అందుకే బుర్రకెక్కదు. పట్టీ చేసేదల్లా నవల దగ్గర లేచిన సిగ్నల్ని పట్టి సిలబస్‌కి తగిలించడం.

"కాలవకి షట్టర్ వేస్తే పై చేనుకి పోయే నీరు కింది చేనుకి మళ్లుతుంది చూడండి, అంతే."

పై చేను ఏమవుతుందని ఝాన్సీ అడగలేదు. పల్లె మొహం చూడని పిల్ల. ఆయనా చెప్పలేదు. చదువుకున్నాయన.

పరీక్షలో ఆమెకి నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి.

ఆమెకి అంతకంటే సంతోషం కలిగించింది వీధి. కోచింగ్ సెంటర్ల మెట్ల మీద, జ్యూస్ బండ్ల దగ్గర, బస్టాపులో ఎక్కడ చూసినా పిల్లల చేతుల్లో నవలలే. ఆమె పుస్తకాల అర ఖాళీ అయిపోయింది. జనం చదువుతున్నారు, ఇంక ఈ దేశాన్ని ఎవరూ మోసం చెయ్యలేరు అని ఆమె హాస్టల్లో అందరికీ చెప్పింది. వాళ్లంతా కుర్చీ ఎక్కేందుకే నవలలు పట్టుకెళ్తున్నారని ఆమెకి తట్టలేదు.

హాస్టల్లో ఒక అలవాటుండేది. సాయంత్రం టీ వేళ ఝాన్సీ ఒక అధ్యాయం బయటికి చదివితే గదిలోవాళ్లంతా వినేవారు. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది పైడితల్లి. పార్వతీపురం నుంచి వచ్చిన ఆ పిల్ల కుర్చీ ఎక్కలేదు, తలకి పట్టీ కట్టుకుంటే తల్లి కలలోకొచ్చి తిడుతుందంది. ఫలితాలొచ్చిన సాయంత్రం, పడవ ఏమైందో చదవమని టీ గ్లాసుతో వచ్చి కూర్చుంది.

ఝాన్సీ చదివింది. పడవ మునిగింది. పిల్లని ఎత్తి పట్టుకుని నూకాలమ్మ మెడ లోతు నీళ్లలో నిలబడింది. పైడితల్లి ముక్కు ఎగబీలుస్తోంది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఏటే అది?" అంది. "నువ్వు చదువుతున్నట్టు లేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు పేర్లు పిలుస్తున్నట్టుంది."

నిజమే. నీళ్లు, పిల్ల, తెడ్డు. అక్షరాలన్నీ ఉన్నాయి, లోపల ఏమీ కదలలేదు. ఝాన్సీ ఇంకో పుస్తకం తీసింది, ఇంకోటి తీసింది. పదోతరగతిలో దుప్పటి కింద దాచుకుని చదివినది కూడా కరెంటు బిల్లులా ఉంది. చివరికి భయపడుతూ మాన్యువల్ తెరిచింది. ఎర్రర్ కోడ్‌ల పట్టిక కనబడగానే ఆమె కళ్లు చెమర్చాయి. నూట నాలుగో ఎర్రర్ దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది, అంత అందంగా ఉంది మరి.

ఏడుపు ఆగాక కోపం వచ్చింది. ఆ కోపం నిలువెత్తు మంట. పుస్తకం పోయింది సరే, ఈ కోపం ఒక్కటీ నాకు మిగిలిందని పైడితల్లితో అంది. రెండు రోజుల్లో పాతికమందిని పోగుచేసింది. వాళ్లలో సగం మంది నవలలు పోగొట్టుకున్నవాళ్లు, మిగతావాళ్లు పాటలతోనో క్రికెట్‌తోనో కుర్చీ ఎక్కి వాటిని పోగొట్టుకున్నవాళ్లు. అట్టల మీద ఝాన్సీ తన చేత్తోనే రాసింది: "మా ఆనందం మీ ఇంధనం కాదు." సరిగ్గా ఆ వారమే పరీక్ష బోర్డు సిలబస్‌కి కొత్త వెర్షన్ ప్రకటించింది. తొమ్మిదో వెర్షన్ నేర్చుకోకపోతే పాత సర్టిఫికెట్లు చెల్లవట. అది విన్నాక మంటలో నూనె పోసినట్టయింది.

సెంటర్ ముందు ఎండలో నినాదాలు మోగుతుంటే, డాక్టర్ కులశేఖర్ మెట్లు దిగివచ్చి, నాయకురాలితో మాట్లాడతానని ఝాన్సీని లోపలికి పిలిచాడు. మంచినీళ్లిచ్చాడు.

"నా చదువు నాకు తిరిగిచ్చెయ్యండి," అందామె.

"మళ్లిన నీరు వెనక్కి రాదమ్మా. లోపల ఏమైనా మిగిలిందేమో చూద్దాం, కూర్చోండి," అని ఆయన పట్టీ కట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాడు. ఒక నవల చేతికిచ్చాడు. ముల్లు కదలలేదు.

"చూశారా, మీరు చేసిన నిర్వాకం?" అని ఝాన్సీ అందుకుంది.

ముల్లు కదిలింది. డాక్టర్ దానికేసి చూశాడు. చెయ్యి చాపి ఇయర్‌ఫోన్ల స్విచ్ వేశాడు.

ఆమె మాట్లాడింది. మనుషుల ఆకలితో వ్యాపారం చేసినవాళ్లని చూశాం గానీ, మనుషుల ఇష్టంతో వ్యాపారం చేసే నీచాన్ని ఇప్పుడే చూస్తున్నామంది. విద్య పేరుతో సాగే ఈ దోపిడీని చరిత్ర క్షమించదంది. ఆయన డిగ్రీల్ని, ఆయన తెల్లకోటుని, ఆయన మర్యాదని విడివిడిగా చీల్చిపారేసింది. ఒక్కో వాక్యం నోట్లోంచి వస్తుంటే ఒళ్లంతా పులకరించింది. ఏ నవలా ఆమెకి ఇంత సుఖం ఇవ్వలేదు. ముల్లు మీటర్ చివరి గీతకి తగిలి వణుకుతోంది.

చెవుల్లో దోమ రొద వినబడకపోలేదు. అదేమిటో కూడా తెలిసింది. కానీ ఉపన్యాసం సగంలో ఉంది. ఇప్పుడు ఆపితే ఆయన గెలిచినట్టే.

"ఇంకా చెప్పండమ్మా," అన్నాడాయన వినయంగా.

ఆ వినయానికి మండిపోయి ఇంకో పావుగంట చెప్పింది. తర్వాత మాటలు కొంచెం నెమ్మదించాయి. మొదటి నినాదం బిగ్గరగానే అంది. రెండోది అంటూ గడియారం చూసుకుంది. మూడోది అప్పజెప్పినట్టు అంది.

"తొమ్మిదో వెర్షన్ మొత్తం వచ్చేసింది," అని డాక్టర్ పట్టీ విప్పాడు. "నా సర్వీసులో ఇంత త్వరగా ఎవరికీ రాలేదు."

"చాలా థాంక్సండీ. మీ టైం వృథా చేసినట్టున్నాను," అంది ఝాన్సీ.

బయట పాతికమందీ లేచి నిలబడ్డారు. ఏమన్నాడని పైడితల్లి అడిగింది. తొమ్మిదో వెర్షన్‌లో మెమరీ దానంతటదే ఖాళీ అవుతుందని ఝాన్సీ గద్గదంగా చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకి ఎండ దెబ్బ తగిలిందనుకుని, ఉత్సాహపరుద్దామని పైడితల్లి అట్ట పైకెత్తి సగం నినాదం ఇచ్చింది: "మా ఆనందం..."

అందరూ ఝాన్సీకేసి చూశారు. ఆమె తన చేతిరాతనే పైనుంచి కిందికి చదువుకుంది.

"మీ ఇంధనం కాదు," అంది, బస్సు పేరు పిలిచినట్టు.

పైడితల్లికి ఆ గొంతు తెలుసు. ఆమె చేతిలోని అట్ట మెల్లగా దిగింది. ఈసారి ఝాన్సీ కోపాన్ని కూడా మళ్లించేశాడని పైడితల్లి చెప్పగానే పాతికమంది మొహాలూ ఎర్రబడ్డాయి. ఒక్కసారిగా మెట్లకేసి తోసుకొచ్చారు, నోటికొచ్చినట్టు తిడుతూ.

డాక్టర్ కులశేఖర్ గుమ్మంలో నిలబడి ఆ మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. లోపలికి తిరిగి, కుర్చీలన్నీ వెయ్యమని చెప్పాడు. తలుపు రెక్కలు రెండూ బార్లా తీశాడు.

"రండమ్మా, రండి బాబూ. ఎండలో ఎందుకు, లోపలికి వచ్చి తిట్టండి."