గొడ్డలి కామల షెడ్డులో సైలస్

అమెరికాలోని వెర్మాంట్ కొండల్లో, అంతర్యుద్ధం ముగిసిన కొత్తల్లో, ట్రాస్క్ పాత షెడ్డు పక్కనుంచి చీకటిపడ్డాక గుర్రాలు కూడా నడవవని చెప్పుకునేవారట. లోపల సైలస్ పనిచేస్తున్నాడని. ట్రాస్క్ దగ్గర పనివాడైన ఆ సైలస్ చచ్చిపోయి అప్పటికి ఏడాది.

గర్... గర్... గర్... ఆకురాయితో కర్ర రుద్దుతున్నట్టే.

ఎబెన్ ట్రాస్క్ గొడ్డలి కామలు, అంటే గొడ్డలికి తొడిగే చేతికర్రలు, చేయించి పైకొచ్చిన మనిషి. కొత్త కార్ఖానా కట్టుకుని, ఆ ఏడు ఊరి పెద్ద పదవికి నిలబడ్డాడు. పోటీదారు, కిరాణాకొట్టు పీస్లీ, ఒకటే పాట పాడుతున్నాడు. "చచ్చినవాడిచేత కూడా పనిచేయించే మహానుభావుడు! మీ గతేమిటో చూసుకోండి."

జనం నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. ఎబెన్‌కి భయమేసింది అప్పుడే.

ఓట్లకి ముందురోజు చీకట్లో లాంతరు పట్టుకుని పాత షెడ్డుకి బయల్దేరాడు. దారిలో సైలస్ భార్య డోర్కస్ కలిసింది.

"నేనూ వస్తా బాబూ. మా ఆయనే అయితే నాలుగు మాటలతో కడిగెయ్యాల్సింది ఉంది."

"మెల్లిగా, డోర్కసమ్మా..."

తలుపు తోశారు. చప్పుడు ఆగిపోయింది.

పైనుంచి పాత కామలు వేలాడుతున్నాయి. కొత్తది కావాలన్న ప్రతివాడూ తన చేతికి అలవాటైన పాతదాన్ని నమూనాకి ఇచ్చిపోయేవాడు. ఎబెన్ ఒక్కటీ పారెయ్యలేదు.

లాంతరు ఎత్తాడు. మూల... నల్లగా ఏదో కూర్చునుంది. ఒళ్ళంతా నిక్కబొడుచుకుని—

"సైలసూ?" గొణిగింది డోర్కస్.

అది ఇటు తిరిగింది. ముందుకాళ్ళతో ఓ కామ పట్టుకుని, పసుప్పచ్చ పళ్ళతో... గర్... గర్...

ముళ్ళపంది. కట్టెలు కొట్టేవాళ్ళ చెమట ఇంకిన కర్రల్లోని ఉప్పు రుచి మరిగింది.

"ఛీ! దీనికోసమా నేను తల దువ్వుకొచ్చింది!" అంది డోర్కస్.

మర్నాడు చేతులెత్తి ఓట్లేసే ఊరిసభలో ఎబెన్ కొరికిన కామల్ని బల్లమీద పోశాడు. పీస్లీ తొణకలేదు.

"ముళ్ళపంది వచ్చిందంటే సరే. సైలస్ రాలేదని రుజువేమిటి?"

ఎబెన్ మరో కామ తీసి పంటిగాట్లు చూపించాడు.

వెనక బల్లల్లోంచి డోర్కస్ లేచింది. ఆడవాళ్ళకి ఓటు లేదు గానీ నోరుంది.

"ఇరవై ఏళ్ళు కాపరం చేశాను. బతికుండగా పొద్దుగూకాక పనిముట్టు ముట్టిన పాపాన పోలేదు మా ఆయన. చచ్చాక బుద్ధొచ్చిందంటావా, పీస్లీ?"

ముందుగా నవ్వింది సైలస్‌తో పనిచేసినవాళ్ళు. ఆ తర్వాత ఎబెన్ కోసం లేచిన చేతుల్ని లెక్కపెట్టడానికి గుమాస్తా కుర్చీ ఎక్కాల్సొచ్చింది.