వసారా కప్పుకు నీలం

2019 జనవరి ఒకటో తేదీన వాళ్లింట్లో పంది మాంసం, పులియబెట్టిన క్యాబేజీ, మెదిపిన బంగాళాదుంపలు తిన్నారు. ఒహాయోలో ఆ రోజు చాలా ఇళ్లలో అదే వంట. వెండెల్‌కు ఆ భోజనం గుర్తుండిపోవడానికి కారణం వేరే ఉంది. పళ్లాలు తీసేశాక భార్య మార్లిస్ తన అట్ట ఫైలు తెచ్చి బల్ల మీద పరిచింది. అతి తక్కువ ఖర్చుతో దక్షిణాదిన ఉన్న సవానా నగరం చూసి రావడం ఎలాగో అందులో రాసుకుంది. పందొమ్మిదేళ్లుగా ఏటా ఆ రోజున దాన్ని సవరిస్తూనే ఉంది.

"వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాడు వెండెల్, ఏటా అన్నట్టే.

ఆమె నవ్వి ఫైలు మూసేసింది. ఆ అక్టోబరులో చనిపోయింది.

ఇప్పుడు ఫిబ్రవరి. తల్లి పోయినప్పటి నుంచి కూతురు కొరీన్ తండ్రి దగ్గరే ఉంటూ, ఊళ్లోని పళ్ల డాక్టరు దగ్గర పనికి వెళ్తోంది. ఆ ఉదయం ఓట్స్ జావ కాస్తూ గడగడ వణికింది. వెనక తలుపు జానెడు తెరిచి ఉంది.

"మళ్లీ తెరిచి పెట్టావా నాన్నా? ఇంక పాలకి ఫ్రిజ్జెందుకు, బల్ల మీద పెడితే గడ్డ కట్టేస్తాయి."

"గాలికి తెరుచుకునుంటుంది."

"ఆ గాలి గడియ కూడా తీసిందా?"

కొరీన్ తలుపు మూసి, జావ అతని ముందు పెట్టి, పక్కన అట్ట ఫైలు తెరిచింది.

"మార్చి పన్నెండు నుంచి నాకు అయిదు రోజులు సెలవు. అమ్మ అన్నీ రాసి పెట్టింది. మన కారే. వంతెన అవతల చవక గది. మధ్యాహ్నానికి ఐసు పెట్టెలో శాండ్‌విచ్‌లు. నది దాటే పడవ ఉచితం. చూడ్డానికి పాత శ్మశానం కూడా ఉచితమేనట."

"ఎప్పటికైనా శ్మశానానికి ఉచితంగానే తీసుకెళ్తారులే."

"జోకులాపు. వస్తావా, రావా?"

"నువ్వెళ్లి రా తల్లీ. నేను ఇల్లు చూసుకుంటా."

"ఇల్లేమన్నా పారిపోతుందా? అమ్మయితే ఈపాటికి బండెక్కి కూర్చుని రెండుసార్లు హారను కొట్టేది, నువ్వు తలుపులేసి వచ్చేలోపు."

అప్పుడు వెనక వసారాలో ఊగుడు కుర్చీ కిర్రుమంది. ఒకసారి. కాసేపాగి మరోసారి. కిటికీ అవతల ఒక్క కొమ్మ కదలడం లేదు. వెండెల్ చెంచా కింద పెట్టి తలుపు వైపే చూస్తున్నాడు. కొరీన్ గబగబా వసారాలోకి వెళ్లింది. కుర్చీ ఖాళీగా ఉంది, ఇంకా కొద్దిగా ఊగుతోంది. దాని మెత్త మీద నీలం రంగు పెచ్చులు రాలి ఉన్నాయి. ఆమె తలెత్తి చూసింది.

ఎనిమిదేళ్ల కిందట మార్లిస్ ఆ కప్పుకు నీలం వేసింది. మనం సవానా వెళ్లకపోతే సవానానే ఇక్కడికి తెచ్చుకుంటానంది. అక్కడి పాత ఇళ్ల వసారాలకు అదే రంగు వేస్తారు. ఆత్మలు దాన్ని నీళ్లనుకుని దాటి రాలేవని నమ్మకం. ఇప్పుడు సగం కప్పు గీకేసి ఉంది. తెల్లటి చెక్క ఎముకలా బయటపడింది.

"ఏం చేశావు నాన్నా! మెడ పట్టేసినా నిచ్చెన దిగకుండా వేసిందిరా దేవుడా అమ్మ!"

వెండెల్ గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ రంగుంటే మీ అమ్మ లోపలికెలా వస్తుంది?"

కొరీన్ మళ్లీ కప్పు వైపు చూసింది.

"నాలుగు నెలలుగా చూస్తున్నా. రోజూ పొద్దున్నే కుర్చీ ఊగుతుంది. తర్వాత చెక్కల మీద అడుగుల చప్పుడు. తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది. పాపం, తను వేసిన రంగే తనకి అడ్డం పడింది. సగమే గీకాను, భుజం నొప్పి. మనం ఊరెళ్లినప్పుడు లోపలికి వచ్చిందనుకో, ఇంట్లో ఎవరూ ఉండకపోతే?"

"పందొమ్మిదేళ్లు అమ్మ పిలిచింది, వెళ్లలేదు. ఇప్పుడు నేను పిలుస్తున్నా, రానంటున్నావు. లేని మనిషి కోసం తలుపు తీసి కూర్చున్నావు. ఉన్నదాన్ని నేను నాన్నా! నాకు చలేస్తోంది!"

ముందు తలుపు ధడాలున మూసి వెళ్లిపోయింది. ఒక నిమిషం తర్వాత బయట గరగరమని చప్పుడైంది. వెండెల్ తెర తొలగించి చూశాడు. కొరీన్ కళ్లు తుడుచుకుంటూ, తండ్రి జారి పడకుండా మెట్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతోంది. చల్లి, తలెత్తకుండా తన కారెక్కి వెళ్లిపోయింది.

ఆ రోజంతా అతను ఫైలు ముందు కూర్చున్నాడు. పందొమ్మిది కాగితాలు. వెనక్కి తిప్పుతూ పోతే ఆమె అక్షరాలు పొందిగ్గా, చురుగ్గా మారాయి. మళ్లీ ముందుకొచ్చాడు. చివరి కాగితం మీద 2019 జనవరి ఒకటి అని ఉంది. దాని వెనకవైపు ఇదివరకెప్పుడూ తిప్పి చూడలేదు. "బయల్దేరే ముందు" అని రాసి ఉంది. పేపరు ఆపించాలి. గీజరు వేడి తగ్గించాలి. పూలకుండీ పక్కింట్లో ఇవ్వాలి. ఆఖరున, మిగతా వాటికంటే వంకరగా:

"వెనక తలుపు గడియ వెండెల్ వేయాలి. నేను బండిలో కూర్చుని ఉంటా. త్వరగా రా."

సాయంత్రం కొరీన్ వచ్చేసరికి ఇల్లు వెచ్చగా ఉంది. బల్ల మీద సూపు, రెండు గిన్నెలు.

"మార్చి పన్నెండేనా?" అన్నాడు వెండెల్.

ఆమె కోటు కూడా విప్పకుండా నిలబడిపోయింది. అతను కాగితం తిప్పి చూపించాడు. చదివి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, తండ్రి భుజం మీద తల వాల్చేసింది.

"తను లోపలికి రావాలని కాదు కొరీ, తలుపు దాకా వచ్చేది," అన్నాడు నెమ్మదిగా. "నన్ను బయటికి పిలవడానికి. నాకే తెలీలేదు."

"మరి కప్పు?"

"నీలం డబ్బా ఒకటి తెద్దాం. నిచ్చెన నువ్వెక్కాలి, నా వల్ల కాదు."

"బాగుంది, గీకేది నువ్వు, మెడనొప్పి నాకు," అంది ఏడుస్తూనే.

కొరీన్ పైకి వెళ్లి పడుకున్నాక వెండెల్ వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. వసారాలో కుర్చీ కదలడం లేదు. పెరటి అవతల రేకుల కింద తన పాత కారు ఉంది. నవంబరు నుంచి దాన్నెవరూ తీయలేదు. దాని చుట్టూ మంచు మీద ఒక్క అడుగు జాడ లేదు. అయినా కారు లోపలి దీపం, ఎవరో ఎక్కి తలుపు వేసుకున్నప్పటిలా వెలుగుతోంది. అతను చూస్తుండగానే మెల్లగా సన్నగిల్లి ఆరిపోయింది.

వెండెల్‌కు ఒళ్లు జలదరించింది. భయంతో మాత్రం కాదు.

"వస్తున్నా మార్లిస్, ఇంకో నెల," అన్నాడు.

తలుపు చప్పుడు కాకుండా మూసి, గడియ వేశాడు.