రాని రైలు అమ్మినవాడు

ఈ పరుగు నేను నా రెండు కళ్లతో చూశాను. అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నాను. నమ్మనివాళ్లు పుస్తకం ఇక్కడే మూసేయొచ్చు, నాకేం బాధ లేదు.

రాత్రి.

ఫెళ్లున పగిలింది బాత్‌రూమ్ కిటికీ!

ముందు ఒక షూ బయటికొచ్చింది... తర్వాత ఒక కాలు... తర్వాత ఒక పొట్ట.

పొట్ట ఇరుక్కుంది.

"తలుపు తియ్!" లోపల్నించి ఆడగొంతు. ఆ వెంటనే తలుపు మీద ఒక్క తాపు.

పొట్ట ఊడింది!

కిటికీ కింద చెత్తడబ్బాల మీద దభీమని పడ్డాడు జంక్షన్.

అసలు పేరేమిటో కన్నతల్లికైనా గుర్తుందో లేదో. ఏ బీడు చూపించినా "ఇక్కడ పెద్ద జంక్షన్ వస్తుందండీ" అంటాడు కాబట్టి లోకం ఆ పేరే ఖాయం చేసింది. భూముల బ్రోకరు. మేకలు కూడా మొహం తిప్పుకుపోయే నేలని ప్లాట్లుగా కోసి, నున్నటి బ్రోషర్ వేసి, మనుషులకి అంటగడతాడు.

లేచాడు. పరుగెడుతున్నాడు!

వెనక బూట్ల చప్పుడు. ఇన్‌స్పెక్టర్! కిటికీలోంచి పిల్లిలా దూకింది. ఆమెకి పొట్ట అడ్డం రాలేదు.

"ఆగు! నీ తోడల్లుడు ఏ సంపులో ఉన్నాడో చెప్పి పరుగెత్తు!"

చెబుతాడా? పళ్లు నూరుకుంటున్నాడు. తప్పంతా తోడల్లుడిదే అని అతని లెక్క.

ఆ తోడల్లుడు, అంటే జంక్షన్ భార్య చెల్లెలి మొగుడు, మహానగర ప్లానింగ్ ఆఫీసులో మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్. నగరం పరిధి ఎక్కడితో ఆగుతుందో ఆ గీత గీసేది అతనే. గీత లోపల పడ్డ భూమికి రోడ్డు, నీళ్లు, మర్యాద. బయట పడ్డదానికి ముళ్లకంప. జంక్షన్ బీళ్లన్నీ బయటే! అందుకని తోడల్లుణ్ణి బతిమాలి, బెదిరించి, బ్రోషర్ కోసం ఒక దొంగ మ్యాపు గీయించాడు. అందులో నగరం గీత బాగా తిన్నవాడి పొట్టలా ముందుకొచ్చి, బీళ్లన్నిటినీ మింగేసింది. బీళ్ల పక్కన తుప్పుపట్టి పడున్న పాత రైలు పట్టాలున్నాయి కదా, వాటి మీద కొత్త రైలు బొమ్మ వేయించాడు. ఒక స్టేషన్ బొమ్మ. ప్లాట్‌ఫామ్ మీద పళ్లన్నీ బయటపెట్టి నవ్వే కుటుంబం. కింద పెద్దక్షరాలు: త్వరలో!

జనం ఎగబడి కొన్నారు.

గొర్రెలు... అనుకున్నాడు జంక్షన్. బొమ్మలో రైలు చూసి సొంతిల్లు కట్టుకుందామనుకునే గొర్రెలు!

ఇవాళ మధ్యాహ్నం తోడల్లుడు రొప్పుతూ వచ్చాడు.

"అన్నయ్యా! ఆ గీత సంగతి పైవాళ్ల దాకా వెళ్లింది! నేను చెప్పేదేంటంటే..."

అంతే. వీడు అందరి పేర్లూ కక్కేస్తాడు అనుకున్నాడు జంక్షన్. ఒక్క తోపు! లేఅవుట్‌లో ఖాళీగా ఉన్న నీళ్ల సంపులోకి. పైన ఇనప మూత. మూత మీద సిమెంటు బస్తాలు.

జేబులో ఫోన్ లాక్కోవాలన్న బుద్ధి కూడా లేదు ఆ మహానుభావుడికి. లోపల్నించి తోడల్లుడు పెళ్లానికి ఫోన్ చేశాడు. "మీ బావ నన్ను సంపులో... ఊపిరాడట్లే..." కట్! ఆ తర్వాత ఫోన్ పలకలేదు. ఆమె ఏడుస్తూ పోలీస్ స్టేషన్‌కి పరుగెత్తింది.

ఏ సంపు? నగరం చుట్టూ జంక్షన్ లేఅవుట్లే. ప్రతి లేఅవుట్‌లో సంపులే. నీళ్లు మాత్రం ఒక్కదాంట్లోనూ రావు.

గాలి ఎంతసేపుంటుంది?

సందు తిరిగాడు. ఆరేసిన దుప్పటి మొహానికి చుట్టుకుంది. పీకి పారేశాడు. ఎదురుగా గోడ! రెండు మేడలంత ఎత్తు! ఒక్క ఊపున ఎగిరి...

సరే, సరే. గోడ నడుం ఎత్తే. నేను కళ్లారా చూశానన్నాను చూడండి, ఆ సమయానికి నేను ముసుగుతన్ని గురకపెడుతున్నాను. చూసినవాడు మా సెలూన్ అతను. నా గడ్డం గీస్తూ చెప్పాడు. కత్తి మెడ మీద పెట్టి చెప్పేవాడి మాట నమ్మక చస్తామా?

గోడ దాటాడు జంక్షన్. కంకర! పాత రైలుకట్ట!

ముందు వంతెన. కింద చీకటి, ఆ చీకట్లో మురుగునీళ్ల వాసన. వంతెన అవతల అతని కారు. కారెక్కితే చాలు... తెల్లారేసరికి ఇంకో దేశం. తోడల్లుడు ఏమైతే ఎవడిక్కావాలి!

పట్టాల మధ్య పరుగెడుతున్నాడు. కంకర కొత్తది. పట్టాల కింది స్లీపర్ దిమ్మెలు కొత్తవి. అతనికి కనపడవు. రోజూ అమ్మే సరుకుని ఏ వర్తకుడు చూస్తాడు?

ఇన్‌స్పెక్టర్ వంతెన మొదట్లో ఆగింది. భుజం మీద వైర్‌లెస్ గరగరలాడింది. ఆమె మొహం మారిపోయింది.

"జంక్షన్! పక్కకి దూకు! రైలొస్తోంది!"

వంతెన మధ్యలో జంక్షన్ ఆగాడు.

వెనక్కి తిరిగాడు.

నవ్వాడు! పొట్ట పట్టుకుని, పడీ పడీ నవ్వాడు!

"రైలా? ఏ రైలు మేడమ్? దాన్ని పుట్టించిందే నేను! నాకే టికెట్ అమ్ముతున్నారా?"

"పైన చూడు, కరెంటు తీగలు! లైన్ మొత్తం బాగుచేశారు. ఈ రాత్రి ట్రయల్!"

"తీగలు కాకులు కూర్చోడానికి! ఈ పనులు మా తాతల నాటినుంచి జరుగుతున్నాయి, మా మనవల దాకా జరుగుతాయి. బ్రోషర్‌లో రాసిందల్లా నమ్మడానికి మీరేమన్నా నా కస్టమరా?"

అరికాళ్లు జివ్వుమన్నాయి.

తిమ్మిరి అనుకున్నాడు.

పట్టాలు సన్నగా పాడుతున్నాయి.

గాలి అనుకున్నాడు.

హారన్!

మలుపు తిరిగి ఒక్కసారిగా... వెలుగు! కళ్లు చెదిరే తెల్లటి వెలుగు!

జంక్షన్ నోరు తెరుచుకునే ఉంది. కాళ్లు కదలవు. తను అచ్చు వేయించిన బొమ్మ ఊపిరి పోసుకుని తన మీదికే వస్తోంది!

"దూకరా!"

కదల్లేదు.

ఢాం!

ఇన్‌స్పెక్టర్ పట్టాల పక్కకి తప్పుకుని గాల్లోకి కాల్చింది. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి పక్కకి పడ్డాడు. కాలు జారింది. చేతికి ఇనప దూలం తగిలింది... పట్టుకున్నాడు!

నెత్తి పక్కనుంచి చక్రాలు! చక్రాలు! చక్రాలు!

వెళ్లిపోయింది. దూరంగా కీచుమంటూ ఆగింది.

దూలానికి వేలాడుతున్నాడు జంక్షన్. కింద మురుగు. పైన ఇన్‌స్పెక్టర్ నింపాదిగా మోకాళ్ల మీద కూర్చుంది.

"ఏ సంపు?"

"ముందు పైకి లాగండి!"

"ముందు సంపు."

"మా... మా లాయర్‌తో మాట్లాడి..."

"పిలుస్తానుండు. ఆయనే వచ్చి లాగుతాడు."

ఒక వేలు జారింది. ఇంకో వేలు...

"రైల్ వ్యూ! రైల్ వ్యూ లేఅవుట్! ఆఫీసు వెనక!"

ఆమె వైర్‌లెస్‌లో ఆ మాట చెప్పేసి, అప్పుడు లాగింది. చొక్కా కాలర్ పట్టుకుని, తడిబట్టని బావిలోంచి లాగినట్టు.

రైల్ వ్యూ.

జీపు వెళ్లేసరికి కానిస్టేబుళ్లు సిమెంటు బస్తాలు విసిరేస్తున్నారు. మూత లేచింది.

లోపల కదలిక లేదు.

ఇన్‌స్పెక్టర్ టార్చ్ వేసింది. "బాబూ! వినపడుతోందా?"

నిశ్శబ్దం...

దగ్గు!

బయటికి లాగారు. మొహం బూడిదరంగు. గాలి ఆబగా మింగుతున్నాడు. చివరికి బేడీలతో నిలబడ్డ జంక్షన్‌ని చూశాడు.

"ఎందుకన్నయ్యా తోశావ్? మాట పూర్తిగా విననే లేదు."

"పైవాళ్లకి చెప్పి నన్ను ఇరికిద్దామనేగా వచ్చావ్!"

"ఛ! ఎవరో కస్టమర్ మన దొంగ మ్యాపు పట్టుకెళ్లి పెద్దసారుకి చూపించాడు. నా ఉద్యోగం పోయిందనుకున్నా. ఆయనకి ఆ గీత నచ్చింది అన్నయ్యా! పరిధి అక్కడిదాకా పెంచేశారు. లైను ఎప్పట్నుంచో బాగుచేస్తున్నారట, రైలు నిజం. స్టేషన్ నిజం. సరిగ్గా ఈ బీడు పక్కనే! ఇకమీదట ప్లాట్లు అమ్మకు, నీకోసం దాచుకో అని చెబుదామని పరుగెత్తుకొచ్చా..."



జంక్షన్ పెదాలు కదులుతున్నాయి. ఈ లేఅవుట్‌లో ఆఖరి ప్లాటు పొద్దున్నే ఒక టీచరమ్మకి అంటగట్టాడు. ఆమె గుమ్మం దాటగానే టేబుల్ చరిచి నవ్వాడు కూడా.

ఇప్పుడు ఆ టీచరమ్మకి స్టేషన్ పక్కన స్థలం ఉంది. అతను గొర్రెలన్న ప్రతివాళ్లకీ ఉంది. జంక్షన్‌కి మాత్రం నిలబడ్డ చోటు కూడా సొంతం కాదు!

మోకాళ్ల మీద కూలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. తోడల్లుడి కాళ్లు పట్టుకుని, "తమ్ముడూ, నన్ను క్షమించరా" అన్నాడు.

ఈ ఏడుపు మాత్రం నేను కల్పించింది. మనిషన్నాక ఎక్కడో కాస్త సిగ్గుంటుందని ఆశపడి రాశాను. అతను ఏడవనూ లేదు, ఎవరి కాళ్లూ పట్టుకోనూ లేదు. జీపెక్కుతూ, బేడీల చేతులతో ప్యాంటు దుమ్ము దులుపుకుని, ఇన్‌స్పెక్టర్ వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడట:

"మేడమ్... ఆ జైలు పక్కన ఖాళీ స్థలం ఎవరిదండీ?"