మూత లోపలి గుర్తు

వాచ్ ఒకటే. దాని మీద చేతులు రెండు!

"వదులు!" అంటుంది ఆమె.

"నువ్వే వదులు. ముందు చూసింది నేను" అంటాడు లెదర్ జాకెట్ వాడు.

పచ్చి అబద్ధం. వాడింకా టార్చ్ కూడా వెయ్యలేదు.

తెల్లవారడానికి ఇంకా గంట ఉంది. ఆదివారం పాత సామాన్ల సంత ఇలాగే మొదలవుతుంది, చీకట్లో, చేతి టార్చ్‌ల వెలుగులో. మంచి సరుకు కావాలనుకునేవాళ్లు పొద్దు పొడిచేదాకా ఆగరు. పాత వాచ్‌ల పిచ్చి ఉన్నవాళ్లయితే అసలే ఆగరు.

ఆమెకు పిచ్చి లేదు. పగ ఉంది.

రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఈ పట్టాల ముందు గొంతుక్కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని, ఒక్కో వాచ్ తిప్పి చూస్తోంది. సంతలో ఆమె పేరే భూతద్దం అయిపోయింది. వెతుకుతున్నది ఒకే ఒక్క వాచ్ కోసం.

నాన్న వాచ్!

క్రీమ్ రంగు డయల్. నాలుగు అంకె పక్కన కాలిన మచ్చ. సెకన్ల ముల్లు మాత్రం ఎర్రది, వేరే వాచ్‌లోంచి తీసి నాన్నే బిగించాడు. ఊరందరి వాచ్‌లకీ ఒరిజినల్ పార్ట్‌లు వేసే మెకానిక్, తన దానికి మాత్రం ఏది దొరికితే అది వేసుకున్నాడు.

ఆ ఎర్ర ముల్లు ఇప్పుడు ఆమె వేళ్ల మధ్య ఉంది.

"కొట్టుకుని చావకండి. ఎవరు ఎక్కువిస్తే వాళ్లకే" అంటాడు పట్టా వెనకున్న ముసలాడు. మండుటెండల్లో కూడా కంబళి కప్పుకునే ఉంటాడు కాబట్టి సంతంతా వాణ్ణి కంబళి అంటుంది. నోరు తెరిస్తే తిట్లు, మూస్తే గురక.

జాకెట్ వాడు ఆమె చూపుడువేలు పట్టుకుని వెనక్కి వంచుతాడు. "ఇచ్చెయ్ పాపా. వేళ్లు విరిగితే నీకు పనుండదు."

పాప...?

ఆమె రెండో చేతిలో చిన్న స్క్రూడ్రైవర్ ఉంది. వాచ్ మెకానిక్ జేబులో అది లేకుండా ఉండదు.

దిగింది!

వాడు కేక పెడతాడు. ఆమె పరుగు అందుకుంటుంది.

పాత రేడియోలు... సైకిల్ చైన్లు... అద్దాలు... ఎవరి తట్టో కాలికి తగిలి ఎగిరిపోతుంది. వెనక నుంచి తిట్లు. ఎవరూ అడ్డు రారు, ఎవరూ సాయం రారు. ఈ సంతలో పక్కవాడి గొడవ పక్కవాడిదే.

పరిగెడుతూనే ఫోన్ చేస్తుంది.

"బాబాయ్! దొరికింది! నాన్న వాచ్!"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

"తెరిచావా?"

"లేదు..."

"తెరవకు తల్లీ! సాక్ష్యం పాడైపోతుంది. ఎవరికీ చూపించకు. నేరుగా షాపుకొచ్చెయ్."

ఫోన్ పెట్టేస్తుంది. కళ్లలో నీళ్లు. అన్నయ్య... ఇంక అన్నయ్య బయటికొస్తాడు!

రెండేళ్ల కిందట, మార్చి పదకొండో తారీకు రాత్రి నాన్నని షాపులోనే ఎవరో తల పగలగొట్టి చంపారు. చేతి వాచ్ మాయం. ఆ సాయంత్రమే అన్నయ్య నాన్నతో గట్టిగా గొడవపడ్డాడు. నలుగురూ విన్నారు. పోలీసులకి అది చాలింది, తెల్లారేసరికి బేడీలు వేసేశారు. రేపు ఆఖరి అప్పీలు. కొత్త సాక్ష్యం లేకపోతే వాడి బతుకు ఆ నాలుగు గోడల మధ్యే.

వాచ్ దొరికితే సరిపోదు. ఎవరు అమ్మారో తెలియాలి.

ఆమె చుట్టు తిరిగి వెనక్కే వస్తుంది. కంబళి పట్టా వెనక, గోనెసంచుల చాటున దూరుతుంది.

"నీ దుంప తెగ! మళ్లీ నా ప్రాణానికే తగులుకున్నావా?"

"అరవకు. ఇదెవరు అమ్మారు నీకు?"

"నేను చెప్పను."

"ఇది హత్య కేసులో వాచ్."

కంబళి అటూ ఇటూ చూస్తాడు. తర్వాత గొణుగుతాడు. "మొన్న ఒకావిడ తుక్కు డబ్బా తూకానికి వేసింది. ఇల్లు సర్దుకుంటోందట. మాట మాటకీ 'ఏమనుకోకు నాయనా' అంటుంది. మొగుడు వాచ్‌లు బాగుచేస్తాడట."

ఏమనుకోకు నాయనా...

పిన్ని!

బాబాయ్ గొంతు మళ్లీ చెవిలో మోగుతుంది... తెరిచావా?

చిన్న కత్తి మూత అంచున పెడుతుంది. టిక్. వెనక మూత ఊడి అరచేతిలో పడుతుంది. టార్చ్ పళ్ల మధ్య, భూతద్దం కంటికి.

వాచ్ తెరిచిన మెకానిక్ మూత లోపల సూదితో తన గుర్తు, తారీకు గీస్తాడు. ఆమెకి పని నేర్పుతూ బాబాయ్ మొదటి రోజు చెప్పింది అదే. తెరిచినవాళ్లు గుర్తు పెట్టకుండా మూయకూడదు.

నాన్న గుర్తు త్రిభుజం. నాలుగైదు చోట్ల ఉంది. నల్లబడిపోయి ఉంది.

అన్నిటికన్నా కింద... రెండు గీతలు, పక్కన చుక్క. బాబాయ్‌ది.

తారీకు, అదే ఏడు మార్చి పదహారు!

నాన్న పోయిన ఐదో రోజు. అన్నయ్య అప్పటికే లాకప్‌లో ఉన్నాడు. ఆ రోజు బాబాయ్ ఆమె తల నిమిరి, "నీకు నేనున్నాను" అంటూ ఏడ్చాడు. అదే చేత్తో ఇది కూడా గీశాడు.

వస్తున్నది ఏడుపు కాదు, కోపం.

"ఆ తుక్కు డబ్బా ఏది?"

"ఇదిగో. మూతలు, ముళ్లు, చక్రాలు... నీకెందుకు?"

"ఇటివ్వు. రెండు నిమిషాలు టార్చ్ పట్టుకో."

రెండు నిమిషాలు. తర్వాత ఆమె కంబళి చెవిలో నాలుగు మాటలు చెబుతుంది. కంబళి మొహం పాలిపోతుంది. "నేను వెళ్లను! నాకేం ఖర్మ!" అంటూనే కంబళి బిగించుకుని లేస్తాడు.

గోనెసంచి పక్కకి ఎగిరిపోతుంది.

లెదర్ జాకెట్! చేతికి రుమాలు చుట్టుకుని ఉంది.

"దొరికావ్! పద, మా సార్ పిలుస్తున్నాడు."

"ఏ సార్?"

వాడు నవ్వుతాడు. ఆమె జుట్టు పట్టుకుని లాక్కెళ్లే దారి ఆమెకి తెలిసిన దారే. తిరిగే మలుపులు తెలిసినవే.

సొంత షాపు!

షటర్ సగం దించి ఉంది. బల్ల మీద దీపం. బల్ల వెనక బాబాయ్, కళ్లజోడు తుడుచుకుంటూ.

"కూర్చో తల్లీ. దెబ్బ తగిలిందా?" జాకెట్ వాడి వైపు తిరుగుతాడు. "మెల్లగా తీసుకురమ్మన్నాను కదరా, వెధవా!"

వాచ్ వాడి చేతిలోంచి బాబాయ్ చేతిలోకి పోతుంది. ఒక్క విసురులో మూత ఊడుతుంది. బాబాయ్ కళ్లజోడు పెట్టుకోకుండానే ఒక్కసారి లోపలికి చూస్తాడు. నిట్టూరుస్తాడు.

"నువ్వు చూశావు."

"చూశాను."

"తెరవొద్దన్నాను కదా."

"ఎందుకు చేశావ్ బాబాయ్?"

"ఈ బల్ల ముందు వంగి వంగి నా నడుం పోయింది. మీ నాన్న షాపు నీ అన్నకి రాస్తానన్నాడు. నన్నొక్క మాట అడగలేదు." గొంతు నింపాదిగా ఉంది. "ఒక్క దెబ్బే కొట్టాను. అనుకుని కొట్టలేదు."

"వాచ్ ఎందుకు దాచావ్?"

"దొంగతనంలా ఉండాలని తీశాను. రక్తం లోపలికి దిగి ఆగిపోయింది. పారేద్దామనే అనుకున్నాను... బాగుచేస్తే నడిచే వాచ్‌ని పారేయడం నావల్ల కాలేదు తల్లీ. కడిగాను, నూనె వేశాను, మూశాను. గుర్తు పెట్టిన సంగతే తెలీదు. చేతి అలవాటు. నిన్న మీ పిన్ని డబ్బా అమ్మేసిందని చెప్పాక రాత్రంతా కూర్చుంటే అప్పుడు గుర్తొచ్చింది."

"అన్నయ్య జైల్లో కుళ్లిపోతుంటే నిద్రెలా పట్టింది నీకు?"

బాబాయ్ సొరుగులోంచి ఆకురాయి తీస్తాడు. మూతని బల్లకి అదిమి పట్టి రుద్దడం మొదలుపెడతాడు.

గర్... గర్... గర్...

ఆమె షటర్ వైపు చూస్తుంది. కింద సందులో వీధి ఖాళీగా ఉంది. కంబళి వెళ్లాడా? పారిపోయాడా? వాడి నోటికి నమ్మకం లేదు, కాళ్లకి అంతకన్నా లేదు.

గర్... గర్...

"దీంతో అయిపోయింది" అంటాడు బాబాయ్. "నువ్వు కూడా అయిపోవాలి తల్లీ. నాకు వేరే దారి లేదు." జాకెట్ వాడు ఆమె వెనక్కి వస్తాడు. చేతిలో సుత్తి.

హఠాత్తుగా ఆకురాయి ఆగిపోతుంది.

బాబాయ్ మూతని దీపం కిందకి లాగుతాడు. భూతద్దం కంటికి పెట్టుకుంటాడు. మిగిలిన సగం గుర్తు చూస్తాడు.

గీత మెరుస్తోంది!

రెండేళ్ల గీత నల్లబడాలి. ఇది తళతళలాడుతోంది. పైన త్రిభుజాలు కూడా లేవు.

"ఇది... ఇది ఆ మూత కాదు! ఇవాళ గీసింది!"

షటర్ దడేలుమని పైకి లేస్తుంది!

టార్చ్‌లు! బూట్లు! "కదిలితే కాల్చేస్తా!" జాకెట్ వాడి చేతిలో సుత్తి నేలపాలు. ఇన్‌స్పెక్టర్ వెనక కంబళి, అందరినీ పేరుపేరునా తిడుతూ. ఇన్‌స్పెక్టర్ చేతిలో చిన్న ప్లాస్టిక్ కవర్, దాంట్లో నల్లబడ్డ మూత.

"షటర్ పక్కన గోడకి ఆనుకుని అంతా విన్నాం. ఆకురాయి కింద పెట్టు" అంటాడు ఇన్‌స్పెక్టర్.

బాబాయ్ చేతిలోంచి అది జారిపోతుంది. ఆమె వైపు చూస్తాడు, నమ్మలేనట్టు.

"నా గుర్తు... నువ్వు గీశావా?"

ఆమె బల్ల మీది వాచ్ అందుకుంటుంది. ఎర్ర ముల్లు ఇంకా తిరుగుతోంది.

"తెరిచినవాళ్లు గుర్తు పెట్టకుండా మూయకూడదు. నువ్వే నేర్పావు కదా, బాబాయ్!"