కొత్తవేనా, అన్నయ్యా?

మీరే. అటూ ఇటూ చూడకండి, మిమ్మల్నే అంటున్నాను. బండికి చిన్న గీత పడితే మీకు రాత్రంతా నిద్ర పట్టదు. అద్దాలు తుడుస్తారు, లోపల సెంటు చల్లుతారు. వంగి, చక్రం మీద చెయ్యి పెట్టి, అది ఎంత అరిగిందో ఎప్పుడైనా చూశారా? చూడరు. నడుము వంచాలి కదా! అబద్ధానికైతే ఆ ఇబ్బంది లేదు. నిలబడ్డచోటే ఆడేయొచ్చు. కూర్చోండి. సరదాకని వచ్చి ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళండి.

ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాణ్ణి ఇంటా బయటా దొర అనేవారు. ఆస్తి ఉండి కాదు, ఎవరి ముందూ దేనికీ వంగడని. చిన్నప్పుడు బూటు లేసు ఊడితే కాలు ముందుకు చాపి నిలబడేవాడు. తమ్ముడు వచ్చి కట్టేవాడు. పెళ్ళిళ్ళయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. "దొరవారికి పాదసేవ" అని నవ్వుతూనే రెండు ముళ్ళేసి బిగించేవాడు తమ్ముడు. ఒక ముడి చాలదా అంటే, "నువ్వు ఆగవుగా, ఊడిపోతుంది" అనేవాడు.

ఇద్దరూ కలిసి ఒక కారు కొన్నారు. మామూలు కార్లను ముందు చక్రాలు లాక్కుపోతాయి. ఈ కారును వెనక చక్రాలు తోసుకుపోతాయి. ఇంజను బలమంతా వాటి మీదే. అందుకే వెనక టైర్లు ముందువాటి కంటే వెడల్పు. పొడి రోడ్డు మీద ఆ బండి గుర్రం. తడి రోడ్డు మీద, వెనక టైర్ల మీద రోడ్డుని పట్టే గీతలు లేకపోతే, నడిపేవాడు ఎవడైనా సరే, దాని తోక, అంటే వెనకభాగం, గిర్రున తిరిగి ముందుకొచ్చేస్తుంది.

దొరకి ఒక పిచ్చి ఉండేది. వీధి మలుపులో బ్రేకు అదిమిపెట్టి వెనక చక్రాలను ఉన్నచోటే గిరగిరా తిప్పేవాడు. పొగ, కాలిన రబ్బరు కంపు, రోడ్డు మీద నల్లటి వంకర చారలు. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. చప్పట్లు వినబడితే దొర ఒళ్ళు మరిచిపోయేవాడు.

"మళ్ళీ టైర్లు కాల్చావో, నేనీ బండి ఎక్కను అన్నయ్యా" అన్నాడు తమ్ముడు ఒకసారి. నవ్వకుండా అన్నాడు.

దొర మళ్ళీ కాల్చాడు. అవి బాగా అరిగాక కొత్తవాటి కోసం టైర్ల కొట్టుకి వెళ్ళాడు. ఆ కొట్టాయన్ని అందరూ గాలిమామ అంటారు. మామ వెనక టైరు మీద బొటనవేలు నడిపి చూశాడు.

"గీతలు లేవు దొరా. బోడిగుండైపోయింది. వానొస్తే చాలా ప్రమాదం. ఈ కొలతలో వాన రకం ఉన్నాయి, ఇప్పుడే వేసేస్తాను."

"ఆ మొహం చూశావా దానిది? నా బండికి అవా? నేను చెప్పిన రకమే తెప్పించు."

"అవి రావడానికి టైం పడుతుంది."

"పడనీ." దొర అరచెయ్యి చాపి మామ ముక్కు దగ్గర పెట్టాడు. "ఇదిగో, మణికట్టు దాకా ఉంది చూడు ఆయుర్దాయం గీత. నా గీతలు బాగున్నాక టైరు గీతలతో పనేంటి?"

"మీ గీతలు రోడ్డుని పట్టుకోవు కదండీ" అన్నాడు మామ. అన్నాడు కానీ, దారికి అడ్డం నిలబడలేదు. ఖాతాదారుడితో గొడవెందుకని ఊరుకున్నాడు. ఊరుకున్నవాడి పాలు కూడా ఇందులో ఉంది. అది గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత ఒక పొద్దున తమ్ముడికి బండి అవసరం పడింది. భార్య పుట్టింటి నుంచి వస్తోంది, పక్క ఊరి స్టేషన్ నుంచి తీసుకురావాలి. దొర చెప్పిన రకం ఇంకా రాలేదు, ఉన్న టైర్లు చూస్తే తమ్ముడు తిడతాడు. తమ్ముడి చేత మాట పడటం దొరకి చిన్నతనం. ఆకాశం చూశాడు. మబ్బు తునక లేదు. టైరు పాలిష్ డబ్బా తీశాడు. వెనక టైర్ల పక్కలకు గుడ్డతో దట్టంగా పూశాడు. అందుకు మాత్రం వంగాడు మహానుభావుడు! టైర్లు నల్లగా నిగనిగలాడాయి. తియ్యటి కిరసనాయిలు లాంటి వాసన వసారా అంతా నిండింది.

తమ్ముడొచ్చాడు. టైరు పక్కభాగాన్ని చెళ్ళున చరిచాడు.

"కొత్తవేనా, అన్నయ్యా?"

"కొత్తవే."

అంతే. ఒక్క మాట. తమ్ముడు ఇంకొంచెం వంగి ఉంటే తెలిసిపోయేది. వంగలేదు. అన్న చెప్పాక ఇంక చూడటమేంటి? అరచేతికి అంటిన నల్లరంగు చూసుకుని, "సోకులు బాగానే చేశావు" అని నవ్వి, అన్న బూటు లేసు ఊడి ఉంటే రెండు ముళ్ళేసి కట్టి, బండెక్కి వెళ్ళిపోయాడు.

స్టేషన్ చేరకముందే మబ్బు కమ్మి వాన పడింది. వంతెన దాటాక వచ్చే మలుపులో బండి తోక ముందుకొచ్చింది.

ఆసుపత్రిలో తమ్ముడి శవానికి ఒళ్ళు తుడిచిన మనిషి దొరతో అన్నాడు: "కుడిచెయ్యి ఎంత తోమినా నలుపు పోవట్లేదండీ. ఏం పని చేసేవారు?"

దొర బయటికి నడిచాడు. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పాడు. "వాడికి దూకుడెక్కువ. నెమ్మదిగా పొమ్మని చెప్పాను, వినలేదు." మరదలు గోడకానుకుని ఆ మాట విన్నది. "మెల్లగానే నడుపుతారే..." అంది నెమ్మదిగా, ఎవరితోనో కాదు, తనలో తనే. ఆ తర్వాత ఊళ్ళో ఆమె ఎదురుగానే జనం ఆమె భర్తని తప్పుపట్టారు. దొర వింటూ నిలబడ్డాడు. తమ్ముణ్ణి రెండోసారి అప్పుడు చంపాడు.

బండి బాగుచేయించాడు. మళ్ళీ వానల రోజులొచ్చాయి. ఈసారి దొరకి భయం పట్టుకుంది. సాయంత్రం పూట, ఇంకా దీపాలు పెట్టకముందే, గాలిమామ కొట్టుకెళ్ళాడు.

కొట్టులో రబ్బరు వాసన, తడి గోనెపట్టాల వాసన. రేకుల కప్పు మీద వాన సన్నగా గీరుతోంది. టైర్లు దొంతులుగా కప్పు దాకా ఉన్నాయి. ఒక్కో దొంతి మధ్యలో గుండ్రటి చీకటి.

"మెత్త రకం రోడ్డుని బాగా అంటుకుంటుంది, త్వరగా అరుగుతుంది" అన్నాడు మామ. "గట్టి రకం ఏళ్ళ తరబడి వస్తుంది, కానీ మీ బండి తోపుకి జారుతుంది. ఇదిగో, ఇది వాన టైరు. ఈ లోతు గీతలు నీళ్ళని పక్కలకు చిమ్మేస్తాయి."

"అదే వెయ్యి. రెండూ అదే."

"ఇంతకుముందు మొహం బాగోలేదన్నది దీన్నే దొరా."

దొర జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు.

మామ జాకీ లాక్కొచ్చి బండి కింద పెట్టాడు. ఎందుకో ఆగాడు. కిటికీ వైపు చూసి మర్యాదగా అన్నాడు: "వెనక కూర్చున్నాయన్ని కూడా ఒకసారి దిగమనండి. బండి ఎత్తాలి."

"వెనకెవరున్నారు?"

మామ కిటికీకి చేతులడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. సీటు ఖాళీ.

"తల కనబడిందే... వంచుకుని కూర్చున్నట్టు."

"గాలి సోకిందా మామా నీకు?"

"నా పనే గాలి కదండీ" అన్నాడు మామ. ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు రాలేదు.

పాత టైరు విప్పుతుంటే దాని పక్కలకు పూసిన పాలిష్ నలుపు మామ వేళ్ళకి అంటింది. కొత్త టైరు ఎక్కించిన చక్రాన్ని, బరువు అన్నివైపులా సమంగా ఉందో లేదో చూసే తూకం మిషను మీద తిప్పాడు. చక్రం తిరిగి తిరిగి ఒకేచోట బరువుగా కిందికి వచ్చి ఆగింది. సీసం ముక్క అంటించి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే. ఇంకో ముక్క. మళ్ళీ అక్కడే... ఎవరో చెయ్యేసి పట్టుకున్నట్టు. చివరికి మామ మిషను ఆపేసి అలాగే బిగించేశాడు.

"దొరా, కొత్త టైరు మీద నున్నటి పూతుంటుంది. కొంతదూరం మెల్లగా పోండి." గొంతు తగ్గించాడు. "మీ మరదలికి నిజం చెప్పేయండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను. నాకూ నిద్ర రావడం లేదు."

"నీ పని నువ్వు చూసుకో."

"సరే. మీ లేసు ఊడింది. వంగి కట్టుకోండి, పెడల్లో పడుతుంది."

దొర వంగలేదు. అలాగే ఎక్కి తలుపేసుకున్నాడు.

తమ్ముడు పోయినప్పటి నుంచి వంతెన దారిన వెళ్ళకుండా చుట్టు తిరిగి పోయేవాడు. ఆ వేళ చుట్టుదారిలో నీళ్ళు పొంగి రోడ్డు మూసేశారు. వంతెన ఒక్కటే మిగిలింది.

వాన పెరిగింది. సాయంత్రమే, అయినా లైట్లు వేస్తే గానీ రోడ్డు కనబడలేదు. వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. కొత్త టైర్లు నీళ్ళని చీలుస్తున్న చప్పుడు మెత్తగా, నమ్మకంగా వినిపిస్తోంది. దొర కొంచెం కుదుటపడ్డాడు. మంచి టైర్లే, అనుకున్నాడు.

అప్పుడు వాసన వచ్చింది.

తియ్యగా. కిరసనాయిలు లాగా. కిటికీ దించాడు. వాన జల్లు కొట్టింది, వాసన పోలేదు. అది బయటి నుంచి రావడం లేదు. వెనక సీటు నుంచి వస్తోంది.

అద్దంలోకి చూడకూడదనుకున్నాడు. చూశాడు. ఖాళీ సీటు. సీటు మధ్యలో మాత్రం... మనిషి కూర్చుంటే పడేంత గుంట.

వంతెన మొదలైంది. కింద నీళ్ళ హోరు. ఆ హోరులోంచి, చెవి పక్కన కాదు, మెడ వెనక...

"కొత్తవేనా, అన్నయ్యా?"

స్టీరింగ్ మీద చేతులు బిగుసుకున్నాయి. ఆ గొంతులో కోపం లేదు. ఆ పొద్దున అడిగినట్టే అడిగింది. నమ్మకంగా.

ఇప్పుడు వినండి. ఆ క్షణాన దొర ముందు రెండు దారులున్నాయి. "అప్పుడవి పాతవిరా తమ్ముడూ, నేను నీతో అబద్ధమాడాను" అనొచ్చు. లేదా, ఈ టైర్లు నిజంగానే కొత్తవి గనక, ఆ నిజం చాటున పాత అబద్ధాన్ని దాచేయొచ్చు. ఒకసారి వంగని నడుము రెండోసారి మాత్రం వంగుతుందా?

"కొత్తవే" అన్నాడు. "ఒట్టు. ఇప్పుడే వేయించాను. కొత్తవే!"

వెనక నిట్టూర్పు వినబడింది.

టైర్ల చప్పుడు మారింది. నీళ్ళని చీల్చడం మానేసి, నీళ్ళ మీద జారుతున్న చప్పుడు... నున్నగా... ఏ పట్టూ లేకుండా. వంతెన అయిపోయింది. ఎదురుగా మలుపు. దొర బ్రేకు మీదికి కాలు జరపబోయాడు.

కాలు కదల్లేదు.

కిందికి చూశాడు. పెడల్స్ దగ్గర చీకటి. ఆ చీకట్లో... రెండు చేతులు. ఒక అరచెయ్యి నల్లగా. లేసు పట్టుకుని మెల్లగా, శ్రద్ధగా ముడి వేస్తున్నాయి. ఒకటి.

"వదలరా..." అన్నాడు దొర.

రెండో ముడి బిగిసింది.

బండి తోక ముందుకొచ్చింది.

పొద్దున్నే మలుపు పక్క పల్లంలోంచి బండిని పైకి లాగినప్పుడు గాలిమామ అక్కడే ఉన్నాడు. నిన్న తన చేతులతో వేసిన వాన టైర్ల మీద బొటనవేలు నడిపాడు. ఒక్క గీత లేదు. గాజు పలకలా ఉన్నాయి. దొర రెండు బూట్ల లేసులూ ఒకదానికొకటి కలిపి ముడేసి ఉన్నాయట, కోసి తీయాల్సి వచ్చిందట. చూడటానికొచ్చిన జనం అన్న మాట ఒకటే: "దూకుడుగా నడిపి ఉంటాడు."

మామ నేరుగా దొర మరదలి దగ్గరికి వెళ్ళాడు. పాలిష్ సంగతి, అరిగిన టైర్ల సంగతి, తను నోరు మూసుకున్న సంగతి అన్నీ చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత చెప్పులేసుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

దొర బతికే ఉన్నాడు. మంచం మీద వెల్లకిలా, నడుము నుంచి కింద చచ్చుబడి. ఆమెను చూడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పేయాలి. అంతా చెప్పేయాలి. ఇంక దాచడానికి ఏముంది?

"బావగారూ" అందామె. "నాకు తెలిసింది. మీ నోటితో ఒక్కసారి వినాలని వచ్చాను. ఆయన తప్పు లేదని ఒక్క మాట అనండి. నేను మిమ్మల్ని క్షమించేస్తాను. ఆ రోజు ఆ టైర్లు ఎలాంటివి?"

దొర నోరు తెరిచాడు. 'పాతవమ్మా' అనుకున్నాడు మనసులో. గట్టిగా అనుకున్నాడు. బలమంతా కూడదీసుకున్నాడు.

"కొత్తవే."

ఆమె ముఖం పాలిపోయింది. దొర తల అడ్డంగా ఊపాడు, అది కాదు, అది కాదని. మళ్ళీ నోరు తెరిచాడు.

"కొత్తవే... కొత్తవే..."

"నోట రాకపోతే రాయండి" అని నర్సు దగ్గర పెన్ను తీసుకుని అతని చేతిలో పెట్టింది. జారింది. మళ్ళీ పెట్టి, వేళ్ళు మూసి పట్టుకుంది. సబ్బుముక్కలా జారిపోయింది. ఆమె అతని చెయ్యి వెలుతురు వైపు తిప్పి చూసింది.

అరచేతిలో గీతలు లేవు. ఆయుర్దాయం గీత లేదు, వేళ్ళ కొసల మీద సన్నటి చారలూ లేవు. నున్నగా, నల్లగా, నిగనిగలాడుతోంది. తియ్యటి కిరసనాయిలు వాసన వేస్తోంది.

ఆమె ఆ చేతిని దుప్పటి మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

దొర ఇప్పటికీ ఆ మంచం మీదే ఉన్నాడు. ఆ చేతులతో గ్లాసు పట్టుకోలేడు, ఇంకొకరు తాగించాలి. ఎవరు ఏమడిగినా ఆ ఒక్క మాటే. వాన పడే సాయంత్రాల్లో ఎవరూ అడక్కుండానే అంటాడని నర్సు చెబుతుంది. అలా అనేముందు మాత్రం ప్రతిసారీ మంచం కాళ్ళవైపు చూసి, చచ్చుబడిన తన పాదాలను ఎవరో పట్టుకున్నట్టు వణికి, అప్పుడు జవాబు చెబుతాడు.